చేపల బండికి గూడ్సింజను

చెంచయ్య గారు మామూలు గొంతుతో మాట్లాడగా విన్నవాళ్ళు రాళ్ళమిట్ట జంక్షనులో ఒక్కరూ లేరు. ఆయన కోపంగా నిద్ర లేచేవారు, కోపంగా పళ్ళు తోముకునేవారు, ఆఫీసుకొచ్చి కుర్చీని కోపంగా వెనక్కి లాగి అందులో ఇంకా కోపంగా కూర్చునేవారు. టీ బాగాలేకపోతే ఎటూ అరిచేవారు. బాగుంటే, "ఇంత బాగా పెట్టడం చేతనయ్యుండీ ఇన్నాళ్ళూ ఆ కషాయం ఎందుకు తాగించినావు?" అని అరిచేవారు. ఆయన ఫోనులో మాట్లాడుతుంటే అవతలివాళ్ళు ఫోను చెవికి దూరంగా, మోచెయ్యి చాపి పట్టుకునేవారని చెప్పుకునేవారు.

ఆయన ఉద్యోగం ఏ బండికి ఏ ఇంజను కట్టాలో తేల్చటం. మెయిన్ లైనుకు కరెంటు తీగలు ఎప్పుడో వచ్చాయి గానీ, రాళ్ళమిట్ట నుంచి సముద్రం ఒడ్డున ఉన్న ఉప్పుకయ్యల దాకా పోయే చిన్న లైనుకు ఇంకా రాలేదు. అక్కడ డీజిల్ ఇంజన్లే గతి. అవి కూడా తక్కువ. ఉన్నవాటిని ఇసుక మోసే గూడ్సుకూ, మనుషుల్ని మోసే ప్యాసింజరుకూ, యార్డులో పెట్టెల్ని అటూ ఇటూ నెట్టే షంటింగుకూ సర్దాలి. ప్రతి ఇంజను నుదుటి మీదా ఒక అక్షరం ఉంటుంది. జీ అంటే గూడ్సుది. పీ అంటే ప్యాసింజరుది. ఎస్ అంటే షంటింగుది. ఎమ్ అంటే ఏ పనైనా చేస్తుందని పేరు, ఏదీ పూర్తిగా చెయ్యదని చెంచయ్య గారి అభిప్రాయం.

ఆ అక్షరాలంటే ఆయనకు ప్రాణం. బిట్రగుంట రైల్వే కాలనీలో పుట్టి, బొగ్గింజన్ల పొగలో పెరిగిన మనిషి. ఒకసారి ఎవరో తెలివైనవాడు పెద్దసార్ల తనిఖీ పెట్టెకు షంటింగ్ ఇంజను తగిలిస్తే, ఈయన గొడుగు పట్టుకుని పట్టాల మధ్య నిలబడిపోయారు. "ముందు నన్ను తొక్కించి, తర్వాత తీసుకుపోండి!" అన్నారు. లోపలున్న పెద్దసార్లు దిగి జీపులో వెళ్ళారు.

మనుషులకు కూడా ఆయన అక్షరాలు కేటాయించేవారు. ఇంట్లో భార్య ప్రేమలీల గారు బియ్యం మూట లోపల పెట్టమంటే ఇంతెత్తున లేచేవారు.

"నేను పీ. మూటలు జీ పని!"

"మరి తినేటప్పుడు ఏ అక్షరమో?" అని ఆవిడ అడిగేది. మూట లోపలికి వెళ్ళేది.

ఇలాంటి మనిషి దగ్గరికి రెండో కంట్రోలరుగా బదిలీ అయి వచ్చింది ఉషారాణి. కోవూరు పక్కన వరి పండించే ఇంటి పిల్ల. మొదటిరోజు నమస్కారం పెట్టి పేరు చెప్పింది.

"పేరెవరు అడిగినారు? నువ్వే అక్షరం?"

"అర్థం కాలేదు సార్."

"అర్థం కాలేదా? అయితే ఎస్. షంటింగు. ముందుకు పది గజాలు, వెనక్కి పది గజాలు. కూర్చో!"

ఉషారాణికి ఒళ్ళు మండింది. "మా నాయన ట్రాక్టరుకు సైలెన్సరు ఊడిపోయినా ఇంత మోత చెయ్యదు సార్," అని కూర్చుంది. చెంచయ్య గారు ఆమెను కొత్తగా చూశారు. తర్వాత ఫోనెత్తి ఇంకెవరినో తిట్టడం మొదలుపెట్టారు.

నెల తిరిగేసరికి ఆమెకు ఒక సంగతి కంటిలో నలుసులా తగిలింది. అక్షరం కోసం పట్టాలకు అడ్డంగా నిలబడిన ఈ మనిషి, రోజూ తన చేతులతో ఒక పెద్ద తప్పు చేస్తున్నాడు. జంక్షను మొత్తానికి కొత్తదనిపించుకునే గూడ్సింజను ఒక్కటే ఉంది. నాలుగు వేల గుర్రాల బలం. దాన్ని తీసుకెళ్ళి ఉప్పుకయ్యల నుంచి పొద్దున్నే వచ్చే ఏడు పెట్టెల ప్యాసింజరుకు కడతారు. ఏనుగును తెచ్చి తోపుడుబండికి కట్టినట్టు. అదే లైను మీద గాజు ఫ్యాక్టరీల కోసం ఇసుక తెచ్చే గూడ్సుకేమో రెండు ముసలి ఎమ్ ఇంజన్లను జంటగా తగిలిస్తారు. అవి దగ్గుకుంటూ, ఒకదాన్నొకటి తిట్టుకుంటూ, పూటకు చేరాల్సిన బండిని రోజుకు చేరుస్తాయి.

పోనీ ఆ ప్యాసింజరులో వచ్చేది మహరాజులా అంటే, చేపల బుట్టల ఆడవాళ్ళు. ఉప్పుకయ్యల్లో పడవలు ఒడ్డుకు రాగానే వంజరాలు, కానాగంతలు, రొయ్యలు బుట్టలకెత్తుకుని ఎక్కుతారు. రాళ్ళమిట్టలో దిగి, అవతలి ప్లాట్‌ఫారం మీద నెల్లూరు బండి పట్టుకుంటారు. వాళ్ళంటే చెంచయ్య గారికి మంచి ప్రేమేమైనా ఉందా అంటే, అదీ లేదు. రోజూ వాళ్ళ పెద్ద మాలకొండమ్మతో ఆయనకు ఆఫీసు కిటికీలోంచి ఒక యుద్ధం.

"ఏమే మాలకొండమ్మా! ఆ బుట్టల నీళ్ళు ప్లాట్‌ఫారమంతా కార్చినారే! ఇది రైల్వేనా, రేవా?"

"కారక, చేప చెమట తుడుచుకుంటాదా? నీ ముక్కు మూసుకో సామీ!"

"ముక్కు మూసుకుంటే నేనెట్టా అరవాల?"

"అరవబాక! ఊరంతా సల్లగా ఉంటాది!"

"మీ మొకాలకు రైలెందుకే? ఎడ్లబండి చాలు!"

"నీ నోట్లో జెల్లచేప ముల్లు గుచ్చుకోనూ!"

అలా ఆవిడ నెల్లూరు బండి ఎక్కి, అది కదిలి, కనుమరుగయ్యేదాకా తిడుతూనే ఉండేది. చెంచయ్య గారు కిటికీ దగ్గర నిలబడి చివరి తిట్టు దాకా విని, అప్పుడు కుర్చీలో కూర్చునేవారు.

ఇసుక గూడ్సు ఆలస్యమైన ప్రతిసారీ డివిజను ఆఫీసు పెద్దసారుకు కోపం వచ్చేది. ఆ కోపాన్ని చెంచయ్య గారి మీద చూపించే ధైర్యం ఆయనకు లేదు. అందుకని చెంచయ్య గారు భోజనానికి వెళ్ళేదాకా ఆగి, అప్పుడు ఫోను చేసి ఉషారాణిని తిట్టేవాడు. "గూడ్సింజను గూడ్సుకెందుకు కట్టరు? మీకు చదువు చెప్పిందెవరు?" అనేవాడు. తన తప్పు కాని తప్పుకు రోజూ తిట్లు తినీ తినీ ఆమెకు అన్నం సహించడం మానేసింది.

ఒకరోజు తెగించి అడిగేసింది. "సార్, జీ ఇంజను ఆ ప్యాసింజరుకు ఎందుకు కడతున్నాం?"

"ఎందుకా? ఎందుకంటే ఏంది? నువ్వు నన్ను అడుగుతుండావా? నేను ఈ ఉద్యోగంలో చేరేనాటికి నువ్వు పుట్టినావా? ఎవుర్రా ఈ ఫ్యాను ఆపింది?" అంటూ చెంచయ్య గారు లేచి, తిరుగుతున్న ఫ్యానును తిట్టి, బయటికి వెళ్ళి స్తంభాన్ని కూడా తిట్టి వచ్చారు. అంతటి గాలివానలో ప్రశ్న ఎటు కొట్టుకుపోయిందో ఉషారాణికే తెలియలేదు. ఈ మనిషికి కారణమేమీ లేదు, వట్టి మొండితనమే ఉందని ఆమె తేల్చుకుంది.

అప్పుడు చెంచయ్య గారికి పన్ను నొప్పి వచ్చింది. జ్ఞానదంతం. నొప్పి మీద కోపం, కోపంతో ఎక్కువైన నొప్పి. చివరికి ప్రేమలీల గారు బలవంతాన నెల్లూరు తీసుకెళ్ళి పీకించింది. దవడ బుడగలా ఉబ్బింది. మూడు రోజులు నోరు తెరవొద్దన్నాడు డాక్టరు. రాళ్ళమిట్టలో పిచ్చుకల అరుపులు కూడా వినపడసాగాయి.

ఈ సంగతి తెలిసిన గంటలో పెద్దసారు ఫోను చేశాడు. "అమ్మాయ్, ఆయన వచ్చేలోగా ఆ ఇంజను మార్చెయ్. జీ గూడ్సుకు, పాత ఎమ్ ప్యాసింజరుకు. ఇది ఆర్డరు."

ఉషారాణి ఆ పని ఆర్డరు కాబట్టి చేయలేదు. కడుపు నిండా సంతోషంతో చేసింది. ఆ సాయంత్రమే ఒక ముసలి ఇంజను ఉప్పుకయ్యలకు ఖాళీ పెట్టెలు లాక్కుపోయింది. జంక్షనులో కొత్త ఇంజను, ఇసుకకు వెళ్ళాల్సిన ఖాళీ వ్యాగన్ల ముందు నిలబడింది. ఏ అక్షరం ఎక్కడుండాలో అక్కడుంది. ఆమె ఇంటికెళ్ళి రెండుసార్లు వడ్డించుకుని తిన్నది.

మర్నాడు పొద్దున ప్యాసింజరు కోసం చూస్తే, రాలేదు. ప్రతి హాల్టులో ఆగిన ఇంజను మళ్ళీ వేగం అందుకోవడానికే సగం జీవితం పడుతోందని స్టేషన్ల నుంచి కబుర్లు వచ్చాయి. చివరి హాల్టు దాటేసరికి బాగా ఆలస్యమైంది. జంక్షనుకు కాస్త ముందు కాలువ వంతెన మీదికి లైను కాస్త ఎత్తెక్కుతుంది. ఆ ఎత్తు సగం ఎక్కి, ముసలి ఇంజను ఒక నల్లటి పొగ వదిలి, ఇక నావల్ల కాదని నిలబడిపోయింది. ఆఫీసు కిటికీలోంచి చూస్తే ఎండలో ఏడు పెట్టెలూ కనపడుతూనే ఉన్నాయి. నెల్లూరు బండి వచ్చే వేళ దగ్గరపడింది.

ఇంతలో తలుపు ధడాలున తెరుచుకుంది. తల మీద బుట్టతో మాలకొండమ్మ. ఆగిన బండి దిగి పట్టాల వెంబడి నడిచొచ్చేసింది. బుట్టలోంచి కారిన నీళ్ళు చెంప మీద, చెంప మీది నుంచి ఆఫీసు బండల మీద.

"ఏడీ ఆ మిరపకాయ మనిషి? ఎవురు పంపించినారు ఆ చచ్చిన ఇంజన్ని? మంచు ముక్క కరిగిపోయింది. ఇంకాసేపుంటే చేప కన్ను తెల్లబడతాది. తెల్లబడినాక నెల్లూరులో దాన్ని కుక్క గూడా వాసన చూడదు. నలబై మంది ఆడోళ్ళం ఆడ ఎండలో ఉడకతా ఉండాం!"

"ఆయన సెలవులో ఉన్నారు. ఇంజను మార్చింది నేనే," అంది ఉషారాణి. ఆమెకూ కోపంగానే ఉంది, ఎవరి మీదో తెలియటం లేదు. "గూడ్సింజను గూడ్సుకు కట్టాలమ్మా. పద్ధతి అది."

"నీ పద్ధతిని ఉప్పులో ఊరబెట్టు! ఆరేళ్ళ నుంచీ పోలేరమ్మ తల్లి దయవల్ల బండి టయానికొస్తుండాది. ఏటేటా ఆ తల్లికి పొంగళ్ళు పెడతుండాం. ఇయ్యాల నువ్వొచ్చి చెడగొట్టినావు!"

ఉషారాణి ఆ లెక్క పట్టుకుంది. "ఆరేళ్ళా? అంతకుముందు?"

"అంతకుముందేముంది? వారంలో సగం రోజులు నెల్లూరు బండి మా మొకాన్నే పోతా ఉండె. తెచ్చిన సరుకంతా కాకుల పాలు."

చెంచయ్య గారు రాళ్ళమిట్టకు వచ్చి సరిగ్గా ఆరేళ్ళు. పోలేరమ్మ తల్లికి ఈ లైను మీదికి కొత్త ఇంజను పంపే అధికారం లేదని ఉషారాణికి తెలుసు. అది ఎవరికుందో కూడా తెలుసు.

ఆ అధికారం ఉన్నవారు అప్పుడే గుమ్మంలోకి వచ్చారు. లుంగీ, బనియను, దవడ కింది నుంచి నడినెత్తి దాకా ప్రేమలీల గారి పాత చీర ముక్కతో కట్టిన కట్టు. ఇంట్లో పడుకుని ఇంజను ఎత్తెక్కే చప్పుడు విని, అది తన ఇంజను కాదని తెలుసుకుని పరిగెత్తుకొచ్చారు. వేలు ఉషారాణి వైపు చాపి, ఛాతీ నిండా గాలి పీల్చి, నోరు తెరిచారు.

"ఊఁ..." అనే ఒక్క చప్పుడు వచ్చింది. రెండు చేతులతో దవడ పట్టుకుని అలాగే కుర్చీలో కూలబడ్డారు.

ఉషారాణి జన్మలో ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు. ఎదురుగా వెళ్ళి నిలబడింది. "ఇప్పుడు ఫ్యానును తిట్టలేరు సార్. చెప్పండి. ఆ ఇంజను వీళ్ళ కోసమే కడుతున్నారా?"

చెంచయ్య గారు కిటికీ వైపు చూశారు, ఫ్యాను వైపు చూశారు. తప్పించుకునే దారి దొరకలేదు. దవడ కదలకుండా, పాలకేడ్చే పిల్లి గొంతుతో అన్నారు.

"ఇసుక రేపొచ్చినా ఇసుకేనమ్మా. చేప మధ్యాహ్నమొస్తే చేప కాదు."

"మరి ఆ ముక్క నాతో చెప్పొచ్చు గదా! రోజూ మీ బదులు నేను తిట్లు తింటున్నానే!" ఇప్పుడు అరుస్తున్నది ఉషారాణి. "పై ఆఫీసుకు చెప్పొచ్చు గదా!"

"చెబితే కాయితం పెట్టమంటారు. పెడితే కుదరదంటారు. కోప్పడితే ఎవురూ ఏమీ అడగరు."

మాలకొండమ్మకు ఇందులో సగమే అర్థమైంది. "మీ పంచాయితీ తర్వాత పెట్టుకోండి. నా చేప ఉడకతా ఉండాది!" అంది.

ఉషారాణి ఫోనెత్తింది. యార్డులో ఉన్న కొత్త ఇంజనును ఇసుక వ్యాగన్ల నుంచి విడదీసి పంపితే ప్యాసింజరును లాక్కొస్తుంది. నెల్లూరు బండిని కాసేపు ఆపితే చాలు. రెండింటికీ పెద్దసారు ఒప్పుకోవాలి.

"ఆ ఇంజన్ను కదిలించటానికి వీల్లేదు," అన్నాడు పెద్దసారు. "ఇంకో పాతదాన్ని పంపండి."

"అది చల్లబడి ఉంది సార్. దాన్ని లేపి పంపేసరికి నెల్లూరు బండి పోతుంది."

"పోనివ్వు. చేపల కోసం మెయిన్ లైను బండి ఆపుతారా ఎవరైనా?"

ఉషారాణి చెంచయ్య గారి వైపు చూసింది. ఆయన పిడికిలి బిగించి బల్ల మీద గుద్ది చూపించారు. ఆమె గొంతు పెంచింది. ఆయన చాలదన్నట్టు తల అడ్డంగా ఊపి, చెయ్యి పైకి, ఇంకా పైకి ఎత్తారు. అప్పుడు ఆమె నెలల తరబడి తిన్న తిట్లన్నీ ఒక్కసారిగా తిరిగి అప్పజెప్పింది.

"ఎందుకాపరు? అదుగో మీ ఇసుక బండి, ఎటూ కదల్లేదు! ముందర లైనుకు అడ్డంగా ప్యాసింజరు నిలబడి ఉంటే మీ గూడ్సు గాల్లో ఎగిరిపోతుందా? దాని ఇంజన్ను ఊరికే ఎండలో నిలబెట్టి పూజ చేయించమంటారా? ఈ మంచి ఆలోచన ఎవరిది, మీదేనా? ఆపుతారా, నన్నే వచ్చి పట్టాల మీద నిలబడమంటారా?"

అవతల పెద్దసారు జంకుతూ అడిగాడు. "ఎవరు మాట్లాడేది? చెంచయ్య గారా?"

"చెంచయ్య గారు సెలవులో ఉన్నారు. నేను ఉషారాణి!"

"సరే, సరే. పంపండి. ఆపిస్తాను."

కొత్త ఇంజను కూత వేసుకుంటూ వెళ్ళి, ఏడు పెట్టెల్నీ ముసలి ఇంజనుతో సహా లాక్కొచ్చింది. ఆడవాళ్ళు బుట్టలెత్తుకుని ఒకరినొకరు కేకలేసుకుంటూ అవతలి ప్లాట్‌ఫారానికి పరిగెత్తారు. నెల్లూరు బండి కదులుతుండగా మాలకొండమ్మ చివరిగా ఎక్కి, తలుపు దగ్గర నిలబడి రైల్వేని, ఇంజన్లను, ఉషారాణిని వరసగా తిట్టింది. చెంచయ్య గారు దవడ పట్టుకునే కిటికీ దగ్గరికి నడిచి చివరిదాకా విన్నారు.

అప్పుడు చెప్పారు, ఆ పిల్లి గొంతుతోనే. "నేనొచ్చిన కొత్తల్లో ఒకరోజు ఇట్టానే బండి తప్పినారు. ఈమె చేపలన్నీ ప్లాట్‌ఫారం చివర పారబోసి, కొళాయి కాడ బుట్ట కడుక్కోని, ఊరికే కూర్చునింది. ఎవుర్నీ ఒక్క మాట అనలా. అంత నోరున్న మనిషి నోరు మూసుకోని కూర్చుంటే చూడలేకపోయినానమ్మా. మర్నాడే ఇంజను మార్చినా."

ఏడుపొస్తుందేమోనని ఉషారాణికి భయమేసి, "నోరు తెరవొద్దన్నాడు గదా డాక్టరు, ఇంటికి పోండి!" అని కసిరింది.

పెద్దసారు సంజాయిషీ అడగలేదు. కొత్త ఇంజను మళ్ళీ ప్యాసింజరుకే వెళ్ళింది, ఇసుక మళ్ళీ తీరిగ్గా రావడం మొదలుపెట్టింది. అయినా ఆ సంగతి మీద ఫోను రాలేదు. రాళ్ళమిట్టలో ఇప్పుడు రెండు గొంతులున్నాయనీ, రెండోది ఇంకా వయసులో ఉందనీ పై ఆఫీసుకు తెలిసిపోయింది.

ఉషారాణి మాత్రం ఒక పొరపాటు చేసింది. ఆగలేక, అసలు సంగతంతా మాలకొండమ్మకు చెప్పేసింది.

వాపు తగ్గి చెంచయ్య గారు డ్యూటీకి వచ్చిన రోజు శనివారం. ప్యాసింజరు టైముకే వచ్చింది. ఆయన గొంతు సవరించుకుని కిటికీ తెరిచారు. మాలకొండమ్మ వచ్చి కిటికీ కింద నిలబడింది. పైట భుజం నిండా కప్పుకుంది. బాదం ఆకుల్లో చుట్టిన పెద్ద వంజరం చేప ఒకటి కిటికీ గట్టు మీద పెట్టి, రెండు చేతులూ జోడించింది.

"సామీ, తెలీక ఆరేళ్ళు నానా మాటలన్నా. నువ్వు మా పాలిటికి..."

చెంచయ్య గారి ముఖంలో రంగు పోయింది. పన్ను పీకినప్పుడు కూడా ఆయన అంత బెదిరిపోలేదు. "ఏందది? ఏంది సామీ? ఒళ్ళు బాగలేదా?" అన్నారు.

"ఇంక నిన్ను తిట్టాలంటే నోరు రావటంలా సామీ."

ఆయన వెనక్కి తిరిగి ఉషారాణిని ఒక్క చూపు చూశారు. మళ్ళీ కిటికీలోంచి సగం మనిషి బయటికి వంగారు.

"నోరు రాకపోతే బుట్ట నీళ్ళెట్టా వచ్చినాయే? చూడు, ప్లాట్‌ఫారమంతా ఎట్టా చేసినావో! కుళ్ళిన చేపలన్నీ ఏరి తెచ్చి రైలెక్కుతుండావా?"

మాలకొండమ్మ తలెత్తింది. "కుళ్ళినయ్యా?"

"కాదా? నెల్లూరు దాకా కంపు!"

"నా చేపనా కుళ్ళిందనేది?" పైట బిగించి నడుముకు దోపింది. "తెల్లారుజామున పడవ దిగిన సరుకయ్యా ఇది! నీ ముక్కు కుళ్ళిందేమో చూసుకో! పీకితే పన్ను గాదు, నీ నాలిక పీకించాల్సింది! అబ్బా, ఈ మనిషికి నేను దండం పెట్టినానే, నా చేతులిరగ!"

నెల్లూరు బండి ఎక్కీ తిట్టింది, బండి కదిలాకా తిట్టింది. చెంచయ్య గారు చివరి పెట్టె దాటేదాకా విని, హాయిగా ఊపిరి పీల్చుకుని లోపలికి తిరిగారు. గట్టు మీద చేప అలాగే ఉంది. ఆయన దాని మొప్ప ఎత్తి చూశారు, కన్ను చూశారు, ఉషారాణి ముందు టప్పున పెట్టారు.

"ఎవురు చెప్పమన్నారు నిన్ను ఆమెతో? బుద్ధుందా? తీసకపో దీన్ని! మామిడికాయ ముక్కలేసి పులుసు పెట్టు. రేపటిదాకా ఉంచు, అప్పుడే రుచి. నాకు ఒక గిన్నె తీసకరా. ఇయ్యాల శనివారం తెచ్చినానంటే ప్రేమలీల పొయ్యి కాడికి కూడా రానీదు. ఏంది నవ్వుతుండావు? నవ్వితే ఊరుకుంటానా? ఎవుర్రా ఈ ఫ్యాను వేసింది?"